సిస్టరమ్మ పక్కన కూర్చునేవాళ్ళు

నేను ఇప్పటికీ అన్నం వార్చే వండుతాను. కోడలు కొన్న కుక్కర్ ఇంట్లో ఉంది, పప్పుకు వాడుకుంటుంది. అన్నం దగ్గరికి మాత్రం నేను దాన్ని రానివ్వను. కుక్కర్ గంజినంతా తానే మింగేస్తుంది. వార్చితే ఒక్క ఎసరులోనే అన్నమూ వస్తుంది, తాగడానికి గంజీ వస్తుంది, కాస్త చీరలకు పెట్టుకోవడానికీ మిగులుతుంది. రోజూ పొద్దున గిన్నెను పక్కకు వంచి మూత సందులోంచి గంజి వంపుతుంటే ఆ వేడి ఆవిరి ముఖానికి కొడుతుంది. కమ్మగా, కొంచెం జిగటగా ఉండే ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతట అదే ఇంకో గిన్నె కోసం వెతుకుతుంది. ఆ గిన్నె సలోమి సిస్టర్‌ది. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. నా చేతికి ఆ సంగతి ఇంకా పూర్తిగా ఎక్కలేదు.

సలోమి సిస్టర్ పెద్దాసుపత్రి వార్డుల్లో నర్సుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయిన మనిషి. పుట్టింది గుంటూరు దగ్గర పల్లెలో. పిల్లలు లేరు, భర్త ముందే పోయాడు. చిలకలగూడలో మా గల్లీలో, నాలుగు పోర్షన్ల ఇంట్లో, నల్లాకు అటువైపు గది ఆమెది, ఇటువైపు రెండు గదులు మావి. ఇంట్లో ఒక్కతే ఉన్నా గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీరే కట్టేది. నిలబడితే గోడకు ఆనించిన పలకలా నిటారుగా ఉండేది. వచ్చిన మూడో రోజే గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, మీరు గంజి పారబోస్తున్నారా?" అంది.

"పారబోసేదానికి మాకు గంత బలుపు లేదమ్మా. తాగుతం," అన్నాను.

"అంతా తాగేస్తారా?"

"నీకేం కావాలె, గది చెప్పు."

"సగం ఇవ్వండి. రేపటి నుంచి నేనూ అన్నం వారుస్తాను. ఒకరోజు మీ గంజి, ఒకరోజు నా గంజి. చీరల గంజి కోసం వేరే పొయ్యి ఎందుకు మండించాలి?"

నా అంత పొదుపరి ఈ గల్లీలో లేదని నాకో గర్వం ఉండేది. ఆ రోజుతో అది తగ్గింది. అప్పటి నుంచి నేను ఆమెను సిస్టరమ్మా అనేదాన్ని, ఆమె నన్ను అండాలక్కా అనేది. నా పేరు అండాలు. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. చీరలకు ఫాల్స్ కుట్టి, రవికలకు హుక్కులు, కాజాలు వేసి ఇల్లు నడిపినదాన్ని. అంటే నా బతుకంతా నా వేళ్ళ మీదే నడిచింది. ఆ వేళ్ళకే జబ్బు వచ్చింది.

మొదట్లో దాన్ని ముసలితనం అనుకున్నాను. పొద్దున లేస్తే వేళ్ళు వంగేవి కావు. నువ్వుల నూనె కాచి రాసుకునేదాన్ని, వేణ్ణీళ్ళలో చేతులు పెట్టుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, చెబితే ఆసుపత్రి అంటారని. ఒకరోజు నల్లా తిప్పడానికి వేళ్ళు రాక మోచేత్తో తోస్తున్నాను. సిస్టరమ్మ తన గుమ్మంలోంచి చూసింది.

"అక్కా, లేచాక ఎంతసేపటికి పిడికిలి పడుతోంది?"

"ఎండ గోడ దిగినంక."

"రెండు చేతులూ ఒకేలా?"

"రెండు సుత. అయితే ఏందీ?"

"ఏందీ కాదు. చీర మార్చుకో. పద."

అలా నన్ను కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. రక్తం తీశారు, చేతులకు ఫొటోలు తీశారు. రుమటాయిడ్ అనే కీళ్ళవాతం అన్నారు. ఒంటిని కాపాడాల్సిన బలమే ఒంటి మీద పడుతుందట. నాకు అర్థం కాలేదని సిస్టరమ్మ తిరిగి వచ్చే ఆటోలో చెప్పింది: "బందోబస్తుకి పిలిచిన పోలీసులు దొంగల్ని వదిలేసి పెళ్ళివాళ్ళని కొడితే ఎలా ఉంటుంది? అదీ నీ జబ్బు. నీకిచ్చే మందు ఆ పోలీసుల లాఠీలు కాస్త లాక్కుంటుంది." ఆ తర్వాత చాలా మామూలుగా, "నాదీ ఆ జాతి జబ్బే. ల్యూపస్ అంటారు. పదకొండేళ్ళయింది," అంది. ఎండలోకి వెళ్ళినప్పుడల్లా ఆమె ముక్కుకు రెండువైపులా బుగ్గలు ఎర్రబడటం చూసి, అప్పటిదాకా నేను ఆమెది పచ్చటి ఒళ్ళు గనక అనుకునేదాన్ని.

నాకు రెండు రకాల మాత్రలు రాశారు. ఒకటి వారానికి ఒక్కసారే వేసుకునేది. ఇంకొకటి రోజూ వేసుకునే చిన్న తెల్ల మాత్ర, స్టెరాయిడ్ అట. డాక్టరమ్మ దగ్గర నేను చేసిన పని సిస్టరమ్మకు నచ్చలేదు. ఏం బాధ అని అడిగితే నేను మా ఆడపడుచు పెళ్ళినాటి నుంచి మొదలుపెట్టాను. నొప్పి దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ తర్వాతి పేషెంటు కాగితం తీసుకుంది. మర్నాడు నల్లా దగ్గర సిస్టరమ్మ నన్ను నిలబెట్టింది.

"వార్డులో మా డ్యూటీ మారేప్పుడు, వెళ్ళే నర్సు వచ్చే నర్సుకి ఒక్కో మంచం దగ్గర నిలబడి పేషెంటుని అప్పగించి పోవాలి. హ్యాండోవర్ అంటాం. పేరు, వయసు, జబ్బు, మందులు, ఆఖరిసారి మందు ఎప్పుడు పడింది, ఇవాళ కొత్తగా ఏముంది. అంతే. ఒక్క మాట తగ్గినా ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క మాట ఎక్కువైనా పక్క మంచానికి టైం ఉండదు. ఇప్పుడు నిన్ను నువ్వు నాకు అప్పగించు."

"నన్ను నేను అప్పజెప్పుకునుడేంది? పిచ్చా?"

"చెప్పు."

"పేరు అండాలు. అరవై మూడేండ్లు. మా అత్త నన్ను..."

"అత్త మందా, జబ్బా?"

"జబ్బే!"

ఆమెకు నవ్వు వచ్చింది, కానీ వదల్లేదు. వారం రోజులు, బిందె నిండేలోపు అప్పగింత పూర్తయ్యేదాకా నా చేత చెప్పించింది. చదువుకున్న రోజుల్లో పంతులు ఎక్కాలు చెప్పించినట్టే. తేడా ఒక్కటే, ఎక్కాలు నేను మరిచిపోయాను.

తర్వాత కరోనా వచ్చింది. మొదటి ఏడాది సిస్టరమ్మ తన వైద్యానికి తప్ప గడప దాటలేదు. మామూలు మనిషికి జలుబులా పోయే రోగం ఆమెకు ఎంతదాకా పోతుందో వార్డుల్లో పనిచేసిన ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, ముక్కూ నోరూ కట్టుకుని, మేం నీళ్ళు పట్టుకునేటప్పుడు దూరం నుంచే మాట్లాడేది. గంజి గిన్నె నేను గడప మీద పెట్టి వెనక్కి వస్తే, అప్పుడు వచ్చి తీసుకునేది. మరుసటి ఏడాది టీకాలు వచ్చాయి. అరవై దాటినవాళ్ళకు ముందు వేస్తారన్నారు. మనవరాలు శిరీష ఫోన్లో నా పేరు రాయిస్తానంది. నేను వద్దన్నాను.

నా కారణం నాకు ఉంది. ఎన్నో నెలలు మందు మింగి మింగి వేళ్ళు మళ్ళీ సూది పట్టుకునే దారికి వచ్చాయి. ఆ పోలీసులు ఇప్పుడిప్పుడే చల్లబడ్డారు. టీకా అంటే వాళ్ళను మళ్ళీ లేపడమే కదా. లేచినవాళ్ళు కరోనా మీదికి పోతారో, నా వేళ్ళ మీదికి వస్తారో ఎవరు చూశారు?

"నడుస్తున్న మిషినుకు స్క్రూ డ్రైవరు పెట్టొద్దు," అని శిరీషతో గట్టిగా చెప్పాను.

సిస్టరమ్మ నన్ను బలవంతపెట్టలేదు. "డాక్టరమ్మని అడిగి వద్దనుకుంటే అది నీ ఇష్టం. అడక్కుండా వద్దనుకుంటే అది భయం," అని మాత్రం అంది. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. గంజి మాత్రం పెట్టాను.

ఆమె తన మొదటి సూది వేయించుకుని వచ్చిన రోజు నేను నల్లా దగ్గరే ఉన్నాను. ఆటో దిగి, గోడ పట్టుకుని నడిచి వచ్చి కుర్చీలో కూలబడింది. మోకాళ్ళు ఉబ్బి ఉన్నాయి. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఇగ నీకు పరేషానీ లేదు గద సిస్టరమ్మా. సూది పడ్డది," అన్నాను.

"పడింది. పడుతుందో లేదో తెలీదు."

"గదేం మాట?"

అప్పుడు చెప్పింది. ఆమె జబ్బుకు ఆరు నెలలకోసారి ఆసుపత్రిలో రక్తనాళంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అది ఆ పోలీసులను పూర్తిగా నిద్రపుచ్చుతుంది. టీకా పని, రేపు రాబోయే దొంగ ఎలా ఉంటాడో ముందుగా చూపించడం. "నిద్రపోయేవాడికి దొంగ ఫొటో చూపిస్తే ఏం గుర్తుంటుంది అక్కా? అందుకని డాక్టరమ్మ ఈసారి నా మందు వెనక్కి జరిపింది. రెండు సూదులూ అయిపోయి ఇంకొన్ని వారాలు గడిచేదాకా ఆ మందు ఎక్కించరు. వాళ్ళు కాస్త మేలుకుని ఉండాలిగా. మేలుకున్నారు కాబట్టే ఇదిగో, మోకాళ్ళ మీద పడ్డారు. ఇంత చేసినా టీకా నాకు పూర్తిగా పడుతుందని ఎవరూ రాసివ్వరు."

"మరి నీ సంగతి?"

ఆమె నల్లా వైపు చూసింది. "నా సంగతి ఈ నల్లా దగ్గరికి వచ్చేవాళ్ళ దగ్గర ఉంది. వాళ్ళకి రాకపోతే నాకు రాదు."

'నువ్వు వేయించుకో' అనలేదు. అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేసి వచ్చేదాన్ని. మా కొడుకు రోజూ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు పోయి వందమంది మధ్య నిలబడి వస్తాడు. వచ్చి ఇదే నల్లా తిప్పి కాళ్ళు కడుక్కుంటాడు. వాడు కడుక్కున్న చోటే నేను సిస్టరమ్మ గిన్నె కడుగుతాను. ఇంట్లోకి వచ్చి శిరీషను పిలిచి, "రాయి నా పేరు," అన్నాను.

అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత నేను చేసింది వినండి. మందులు వాడేవాళ్ళకు ఆ సూది వేయరని మా గల్లీలో ఎవరో అన్నారు. నేను ఎవరినీ అడగలేదు. నాకు తెలిసిన ఒక పద్ధతి ఉంది. దేవుడికి మొక్కు తీర్చే ముందు ఒక్కపొద్దు ఉంటాం. ఒంటిని ఖాళీ చేసుకుని, కడుక్కుని పోతాం. సూదికి కూడా అలాగే పోవాలనుకున్నాను. పన్నెండు రోజులు మాత్రలన్నీ ఆపేశాను. వారం మాత్ర, రోజూ వేసుకునే చిన్న తెల్ల మాత్ర, రెండూ. డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. పైగా అది నిష్ఠ అనుకున్నాను. రోజురోజుకూ నీరసం వస్తుంటే ఒక్కపొద్దుకు నీరసం రాకుండా ఉంటుందా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

టీకాలు వేసే చోటు ఒక బడి. పిల్లల బెంచీల మీద ముసలివాళ్ళం వరసగా కూర్చున్నాం. కాగితం పట్టుకున్న అమ్మాయి వచ్చి, "అమ్మా, ఏమన్న మందులు వాడుతున్నరా?" అని అడిగింది.

"వాడుతలేను," అన్నాను. అబద్ధం కాదు. ఆ రోజుకు వాడటం లేదు కదా.

శిరీష నా వైపు వింతగా చూసింది. అది నోరు తెరిచేలోపే నాకు కళ్ళు తిరిగాయి. బడి గోడ మీద రాసిన అక్షరాలన్నీ పక్కకు జారిపోయాయి. వాంతి అయ్యింది. ఎవరో పడుకోబెట్టారు, బీపీ బాగా పడిపోయిందన్నారు. సూది వేయకుండా పంపించారు.

శిరీష నన్ను ఆటోలోంచి దించుతుంటే సిస్టరమ్మ గుమ్మంలోంచి చూసింది. నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు, ఒక్కటే అడిగింది.

"తెల్ల మాత్ర ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నావు?"

నేను తల దించుకున్నాను. "పన్నెండు దినాలైంది. ఒక్కపొద్దున్న."

"దేనికి ఒక్కపొద్దు? మందులకా?" ఆమె గొంతు ఎప్పుడూ అంత లేవలేదు. "ఆ మాత్ర ఒక్కసారిగా ఆపితే మనుషులు పోతారు, తెలుసా? మూడేళ్ళ నుంచి నీ ఒళ్ళు దాని మీద నిలబడి ఉంది! కింద నుంచి పీట లాగేసి దేవుడికి దణ్ణం పెడతావా? అడగడానికి నోరు రాలేదా? ఈ నల్లాకి ఆవల నేను చచ్చానా?"

"గంత ఒర్రకు సిస్టరమ్మా. నీ కోసమే గద సూదికి పోయింది," అన్నాను. నాకు ఏడుపు వచ్చింది. నేను ఏడవను, కానీ వచ్చింది.

ఆమె ఆగింది. తర్వాత లోపలికి వెళ్ళి చెప్పులు వేసుకుని, ఇంకో గుడ్డ ముక్కుకు కట్టుకుని వచ్చింది. ఏడాదికి పైగా తన వైద్యానికీ, తన సూదికీ తప్ప దాటని గడప అది. అప్పుడు ఊళ్ళో రెండోసారి జబ్బు లేస్తోంది. ఆసుపత్రులన్నీ కిటకిటలాడుతున్నాయి. శిరీష, "మీరు రావద్దు సిస్టరమ్మా, నేను తీస్కపోత," అని ఎంత చెప్పినా వినలేదు. ఉబ్బిన మోకాళ్ళతో నా పక్కన ఆటోలో కూర్చుంది. నా తప్పుకు ఆమె తన ప్రాణాన్ని తీసుకుని జనంలోకి వచ్చింది. నా జీవితంలో చాలామంది నాకు మంచి చేశారు. అందులో ఎవరి మంచీ నన్ను ఇంత సిగ్గుపడేలా చేయలేదు.

డాక్టరమ్మ ముందు సిస్టరమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నా వైపు చూసింది. నేనే చెప్పాలి.

"పేరు అండాలు. అరవై ఆరేండ్లు. కీళ్ళవాతం. వారం మాత్ర, రోజు మాత్ర. పన్నెండు దినాల కింద నేనే బంద్ చేసిన. ఎవల్ని అడగలే. టీకా కోసం బంద్ చేసిన. ఇయ్యాల కండ్లు తిరిగినయ్, వాంతి అయింది, బీపీ తక్కువుందన్నరు," అన్నాను. తప్పును కూడా అప్పగించాలి కదా.

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపి నన్ను చూసింది. సెలైను పెట్టించి, తెల్ల మాత్ర మందునే సూదిలో ఇప్పించింది. తేరుకున్నాక కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. ఈ టీకాలో బతికి పెరిగే క్రిమి ఏదీ లేదు, కాబట్టి మాలాంటివాళ్ళకు దాని నుంచి జబ్బు అంటుకోదు. రెండు మూడు రోజులు చెయ్యి నొప్పి, జ్వరం, కీళ్ళలో కాస్త సలుపు ఉండొచ్చు. జబ్బు పూర్తిగా తిరగబెట్టడం తక్కువ, తిరగబెడితే తన దగ్గరికి రావాలి. తెల్ల మాత్ర ఒక్కరోజు కూడా ఆపకూడదు. వారం మాత్ర మాత్రం, సూది పడిన వారం ఒక్కసారి మానాలి, అదీ జబ్బు అదుపులో ఉంటేనే. ఇప్పుడు నేను అదుపు తప్పించుకున్నాను గనక ముందు మళ్ళీ అదుపులోకి రావాలి, తర్వాతే సూది.

"అంటే ఇంకెన్నాళ్ళు?" అన్నాను.

"ఒక నెల. ఒక్కొక్కరికి ఒక్కో తీరు ఉంటుందమ్మా. మీకు చెప్పింది మీకే, పక్కింటివాళ్ళకి చెప్పకండి. వాళ్ళనీ వచ్చి అడగమనండి."

బయటికి వచ్చాక సిస్టరమ్మ నా చేత ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పించింది, ఏది ఆపాలి, ఏది ఆపకూడదు అని. నేను తప్పు లేకుండా చెప్పాకనే ఆటోను పిలిచింది. ఆ తర్వాత పద్నాలుగు రోజులు ఆమె దగ్గినా, గొంతు సవరించుకున్నా మా ఇంట్లో నా గుండె ఆగేది. ఏమీ కాలేదు. దేవుడు అన్నాను నేను. మాస్కు అంది ఆమె.

ఆ నెల నేను తూచా తప్పకుండా మందు వేసుకున్నాను. వేళ్ళు మెల్లగా తిరిగి వచ్చాయి. అదే బడికి, అదే బెంచీకి పోయాను. ఆ అమ్మాయి అడగకముందే నన్ను నేను అప్పగించుకున్నాను. సూది వేశారు. చెయ్యి రెండు రోజులు లేవలేదు, ఒకరోజు జ్వరం కాసింది, మణికట్లు నాలుగు రోజులు సలిపాయి. తర్వాత అంతా మామూలయింది. వారం మాత్ర ఆ ఒక్కసారి మాని మళ్ళీ మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ నేను భయపడ్డది ఈ నాలుగు రోజుల సలుపు గురించా అనిపించింది.

ఇక మిగిలింది నల్లా. మా కొడుకు, "నాకేమైతదే, ఉక్కులెక్క ఉన్న," అన్నాడు. వెనక పోర్షన్‌లో రైల్వేలో చేసి రిటైరయిన సాయన్న, "నేను గాంగ్‌మన్‌గ ఎండల్ల వానల్ల చేసినోణ్ణి, నాకు సూదేంది," అన్నాడు. అది ఆవకాయ పెట్టే కాలం. మా ఇంట్లో పెట్టిన ఆవకాయ నాలుగు పోర్షన్లకూ పోతుంది, ఎన్నో ఏళ్ళ నుంచి. నేను జాడీకి గుడ్డ కట్టి నల్లా దగ్గర నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను: "ఈ ఏడు సూది ఏసుకున్నోళ్ళకే తొక్కు. ఏసుకోనోళ్ళకు వాసన సుత రాదు."

"గిదేం అన్యాయం అండాలక్కా! తొక్కుకూ సూదికీ లంకె ఏంది?" అన్నాడు సాయన్న.

"లంకె నువ్వు తిప్పే గా నల్లా. దాన్ని పట్టుకునే ఇంకో చెయ్యి ఉన్నది. గా చేతికి బలం లేదు."

సాయన్న భార్య అతన్ని మూడోరోజే తీసుకుపోయింది. మా కొడుకు పది రోజులు ఉత్త పప్పుతో తిన్నాడు, ఉక్కు కదా. పదకొండో రోజు భుజం పట్టుకుని ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. నేను ఏమీ అనకుండా రెండు ముక్కలు ఎక్కువే వేశాను. ఆగస్టు దాటేసరికి ఆ నల్లా తిప్పే ప్రతి పెద్ద చేతికీ రెండు సూదులు పడ్డాయి.

సిస్టరమ్మ మాత్రం ఆ నెలలన్నీ చాలా పడింది. మందు వెనక్కి జరిపిన వారాల్లో ఆమె మోకాళ్ళు, మణికట్లు నా కంటే అన్యాయంగా ఉబ్బాయి. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేచేవి కావు. నేను వెనక నిలబడి దువ్వేదాన్ని. "అడిగి మందు ఎక్కించుకో, ఇగ చాలు," అంటే, "ఇంకో పద్దెనిమిది రోజులు అక్కా. నాకిచ్చిన ఒక్క అవకాశం ఇది, సగంలో వదలను," అనేది. చీరకు గంజి పెట్టి ఆరేసే పని నేను తీసుకున్నాను. మడతలు ఒక అంగుళం తేడా వచ్చినా ఆ నొప్పిలోనూ తప్పు పట్టేది. అనుకున్న రోజు వచ్చాకే వెళ్ళి మందు ఎక్కించుకుంది.

ఆమె పోయిన సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, చివర చెప్పడం నాకు ఇష్టం లేదు. కరోనాతో పోలేదు. రెండేళ్ళ తర్వాత ల్యూపస్ మూత్రపిండాలను పట్టింది. బాపట్ల నుంచి చెల్లెలు వచ్చింది, నేనూ ఉన్నాను, నొప్పి లేకుండా పోయింది. కానీ మధ్యలో ఆమెకు ఆ రెండేళ్ళు ఉన్నాయి. ఆ రెండేళ్ళలో ఆమెకు కావలసినది ఒక్కటే. ప్రతి ఆదివారం చర్చిలో, మనుషుల మధ్య, బెంచీ మీద కూర్చోవడం.

జడ వేస్తున్నప్పుడు ఒకసారి అంది. "ఫోన్లో ఆరాధన చూస్తుంటే అందరూ పాడేది వినపడుతుంది అక్కా. నా పక్కన ఎవరూ పాడరు." ఆమె తన వెలితి చెప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆ డిసెంబరులో డాక్టరమ్మను అడిగితే, మాస్కు తీయకుండా, కిటికీ పక్కన, టీకా వేయించుకున్నవాళ్ళ దగ్గర కూర్చునేట్టయితే వెళ్ళమంది. సిస్టరమ్మ తెగ సంబరపడింది. వెంటనే, "ఎవరు వేయించుకున్నారో మందిరంలో ఎలా అడుగుతాం? బాగుండదు. వెనక ఎక్కడో నిలబడి వచ్చేస్తాలే," అని తనే వెనక్కి తగ్గింది. నన్ను అన్ని మాటలు అడగమన్న మనిషి తనకోసం అడగడానికి సిగ్గుపడింది.

ఆ ఆదివారం నేనూ వెంట వెళ్ళాను. అంతకుముందు ఎప్పుడూ చర్చి లోపలికి పోలేదు. చెప్పులు ఎక్కడ విడవాలో కూడా తెలియదు. కిటికీ పక్కన మూడో వరస చూసుకుని, సిస్టరమ్మను బయట నీడలో నిలబెట్టి, నేను లోపలికి నడిచాను. ఆ వరసలో అప్పటికే ఐదుగురు కూర్చుని ఉన్నారు. నేను బెంచీ చివర పట్టుకుని నిలబడ్డాను.

"అమ్మా, అయ్యా, జెర ఒక మాట. మీరందరు రెండు సూదులు ఏసుకున్నరా?"

కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన కళ్ళజోడు సర్దుకుని, "మీరెవరండీ? కార్పొరేషన్ తరఫునా?" అన్నాడు.

"కాదయ్యా. సలోమి సిస్టర్ పక్కింటిదాన్ని. ఆమె మందుకు ఆమెకు టీకా సరిగ పట్టదు. ఆమె పక్కన కూసునేటోళ్ళకు పట్టి ఉండాలె. గందుకే అడుగుతున్న. తప్పయితే తిట్టుండ్రి, కని జవాబు చెప్పి తిట్టుండ్రి."

ముందుగా ఒక ముసలావిడ, "సలోమి వచ్చిందా? రెండేళ్ళయింది చూసి. నాకు రెండూ అయ్యాయమ్మా," అంది. కోటాయన రెండు వేళ్ళు చూపించాడు. ఇంకో ఇద్దరు తలలూపారు. చివర కూర్చున్న నడివయసు ఆవిడ మాత్రం నేల చూపులు చూసింది. ఎవరూ ఏమీ అనకముందే తన సంచీ, పుస్తకం తీసుకుని లేచి అవతలి వరసలోకి వెళ్ళి కూర్చుంది. వెళ్తూ నాతో మెల్లగా, "నాకు థైరాయిడ్ జబ్బుంది, వేయించుకోవచ్చో లేదో అని భయపడ్డానమ్మా," అంది.

"ఎవల్ని అడిగినవ్?"

"ఎవరినీ అడగలేదు."

"అడుగు. నేను అడగక పడిపోయిన," అన్నాను. మూడు ఆదివారాల తర్వాత ఆవిడ సిస్టరమ్మను వెతుక్కుంటూ వచ్చి తన ఫోన్లో టీకా కాగితం చూపించిందట.

సిస్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. ముఖం సగం మాస్కులో ఉన్నా చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. దగ్గరికి వచ్చి పళ్ళ సందున అంది: "మందిరంలో ఇదేం పని అక్కా? పరువు తీశావు. దేవుడు చూసుకుంటాడుగా."

"నిన్ను దేవుడే చూసుకుంటడు. నీ పక్కనోళ్ళను నేను చూసుకుంటున్న. కూసో."

కూర్చుంది. ముసలావిడ జరిగి చోటిచ్చింది. పాట మొదలయింది. నాకు ఆ పాట రాదు, నేను గోడ పక్కన నిలబడ్డాను. గంజి చీర నలగకుండా నిటారుగా కూర్చుని, మాస్కు లోపలే సిస్టరమ్మ పాడింది. ఆమె పక్కన ముసలావిడ గొంతు వణుకుతూ, తప్పు రాగంలో, చాలా గట్టిగా పాడింది.

నాకిప్పుడు డెబ్బై దాటింది. డాక్టరమ్మ కొత్తగా ఏ సూది చెప్పినా, ఏ మాత్ర మార్చినా ముందు ఎందుకో అడుగుతాను, తర్వాత నన్ను నేను అప్పగించుకుంటాను, ఆ తర్వాతే ఇంటికి వస్తాను. ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళలో ఎవరైనా దగ్గుతూ వస్తే గుమ్మంలోనే ఆపుతాను. జ్వరం ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతాను. ఉందంటే చీర గడప మీద పెట్టి పొమ్మంటాను. కొందరు నవ్వుతారు. కొందరికి కోపం వచ్చి వేరే దగ్గర కుట్టించుకుంటారు. కుట్టించుకోనీ. ఈ గల్లీలో మందులతో ఒంటి బలాన్ని అణచుకుని బతికేవాళ్ళు ఎవరెవరున్నారో నాకు తెలియదు, ఎవరూ ముఖాన రాసుకుని తిరగరు. అందుకే అందరినీ అడుగుతాను.